ఆదోని అవతల అడవి

ఎమ్మిగనూరు నుంచి పెద్దకడుబూరు వైపు పోతుంటే, పొద్దు పొడిచే వేళ వంక ఒడ్డున ఒక మనిషి కనిపించవచ్చు. మెడలో నల్లపెట్టె వేలాడేసుకుని, తల బాగా వంచి, చెట్టు ముందు కదలకుండా నిలబడి ఉంటాడు. మతి చలించిన మనిషని తొందరపడి అనుకోకండి. ఆ తొందర ఇప్పటికే చాలామంది పడ్డారు. గొర్లు తోలుకుని రోజూ అటు పోయే బసప్ప కూడా మొదట్లో పడ్డాడు.

"ఏం స్వామన్నా, కానుగసెట్టుకు దండం పెడతాండావే. అంత కష్టమేమొచ్చింది?" అని అడిగాడు.

"దండం గాదు బసప్పా. ఫోటో తీస్తాండా."

"సెట్టుదా?"

"సెట్టుదే."

బసప్ప చెట్టును కిందినుంచి పైకి ఒకసారి చూశాడు. "దానికేమన్నా సంబంధం సూస్తాండారా?" అన్నాడు నవ్వకుండా.

కుమారస్వామి నవ్వాడు. ఆ నవ్వుకు పెట్టె కదిలింది, బొమ్మ చెడింది, అయినా అతనికి కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడం చేతగాని మనుషులు కొందరుంటారు, అతను వాళ్ళలో ఒకడు. అరవైకి దగ్గర పడినా, మోపెడ్ వెనక సంచిలో కెమెరా పెట్టుకుని బయలుదేరేటప్పుడు అతని ముఖం చూస్తే తిరునాళ్లకు పోతున్నాడనుకుంటారు.

ఆ కెమెరాకు రెండు కళ్ళు, ఒకదాని మీద ఒకటి. పైకన్ను చూడటానికి, కిందికన్ను తీయడానికి. పైన మూత తెరిచి తల వంచితే, నలుచదరం గాజు మీద చెట్టు కనిపిస్తుంది, కుడి ఎడమలు తారుమారై. నాలుగు వేళ్ళ వెడల్పు రీలు, దానికి పన్నెండు బొమ్మలు, అంతే. ఫోన్లో వేళ్ళు తిమ్మిరెక్కేదాకా నొక్కుతున్న ఈ కాలంలో పన్నెండు బొమ్మలకు ఒక వారం తిరిగే మనిషిని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది, జాలి కూడా వేస్తుంది. అతనికి మాత్రం రెండూ అక్కర్లేదు.

అసలు ఈ సీమలో అడవి ఎక్కడిదని అడుగుతారేమో. న్యాయమైన ప్రశ్నే. పత్తి, వేరుశనగ, నల్లరేగడి, దూరంగా బోడిగుట్టలు, ఇదీ మా ప్రాంతం. చేనికి పోయినా అడివికి పోయినామనే చెప్పుకుంటాం, అసలైన అడవి లేని లోటు అలా తీర్చుకుంటాం. అలాంటి చోట కుమారస్వామికి అడవి పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలంటే ఒక పరదా గురించి చెప్పాలి.

అతను పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గం ఇంట్లో. మీసాలు రాకముందే నేత నేర్చుకున్నాడు. ఒకసారి చీరల మూటతో ఆదోని పోయినప్పుడు, తోడు వచ్చిన మనిషి ఫోటో తీయించుకుంటానంటే స్టూడియోలోకి వెళ్ళాడు. ఆ యజమాని మంచివాడు, వింతగా చూస్తున్న కుర్రవాణ్ణి చీకటిగదిలోకి రానిచ్చాడు. ఎర్రబల్బు కింద, ట్రేలో నీళ్ళలా ఉన్నదేదో, అందులో తెల్లకాగితం. చూస్తుండగానే కాగితం మీద ఎవరిదో జడ తేలింది, తర్వాత కనుబొమలు, తర్వాత కళ్ళు. అంతే, కుమారస్వామి పని అయిపోయింది. వారం తిరక్కముందే మగ్గం దిగి స్టూడియోలో చేరాడు.

ఆ స్టూడియోలో గోడకు ఒక పరదా ఉండేది. దాని మీద అడవి. పచ్చని చెట్లు, మధ్యలో ఏరు, ఏట్లో హంస, గట్టున జింక. వేసిన పెయింటరు సినిమా బోర్డులు రాసే మనిషి, అడవి మొగం ఎన్నడూ చూసినవాడు కాడు. మామిడి మానుకు కొబ్బరాకులు పెట్టాడు. అయినా ఆదోని చుట్టుపక్కల పెండ్లయిన ప్రతి జంటా ఆ అడవి ముందే నిలబడింది. కుమారస్వామి వేలమందిని దాని ముందు నిలబెట్టి, గడ్డం కాస్త పైకెత్తమని చెప్పి, ఫోటో తీశాడు.

తన పెండ్లి ఫోటో కూడా అక్కడే. పక్కన కొత్త చీరలో సావిత్రమ్మ. యజమాని కెమెరా సర్దుకుంటుంటే ఆమె వెనక్కి తిరిగి పరదా చూసి, పెళ్ళయ్యాక మొగుడితో మొట్టమొదటి మాట మాట్లాడింది.

"ఈ అడివి యాడుండాది?"

పెండ్లికొడుకు తెలీదనగలడా? "ఆదోని అవతల," అనేశాడు. "ఒగరోజు తీస్కపోతాలే."

ఆదోని అవతల ఆస్పరి ఉంది. కైరుప్పల ఉంది, ఉగాది అయ్యాక అక్కడ పిడకలు విసురుకునే పండగ ఉంది. అడవి మాత్రం లేదు. సావిత్రమ్మకు ఆ సంగతి తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. అప్పట్నుంచి ఆ ఇంట్లో అదొక మాట అయిపోయింది. బియ్యం తెస్తానని అతనంటే, "యాడినుంచి? ఆదోని అవతలి నుంచా?" అంటుంది. రేపు తప్పకుండా అంటే, "ఆదోని అవతల రేపా?" అంటుంది. నవ్వుతూనే అంటుంది గానీ, ముప్పయ్యేళ్ళకు పైగా నవ్వుతూ అన్న మాట ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటుంది. కుమారస్వామికీ గుచ్చుకుంది.

డిజిటల్ వచ్చాక స్టూడియో మూతపడింది. యజమాని తాళం వేసి పోతూ పోతూ రెండుకళ్ళ కెమెరా, బొమ్మ పెద్దది చేసే ఎన్లార్జరు, ట్రేలు అతనికే ఇచ్చేశాడు. పరదాను చెదలు తినేశాయి. సామాను ఆటోలో వేసుకుని ఎమ్మిగనూరు ఇంటికి చేరిన రోజునే అతను నిర్ణయించుకున్నాడు, ఇన్నేళ్ళు బొమ్మ అడవి ముందు మనుషుల్ని తీశాను, ఇక మనుషులు లేని నిజమడవిని తీస్తానని. వెతగ్గా వెతగ్గా పెద్దకడుబూరు దారిలో, వంక వెంబడి, ఎవరూ పట్టించుకోని తోపు దొరికింది. కానుగలు, చింతలు, ఈతలు, వాటిని అల్లుకున్న తీగలు. పెద్దదేం కాదు. కానీ నడిమధ్య నిలబడితే చేలు కనిపించవు, అతనికి అది చాలు.

రోజంతా సావిత్రమ్మకు నూలు కండెలు చుట్టిపెట్టడం అతని పని. ఫిల్ము కడగడం కూడా ఆ పక్కనే. మూత బిగించిన డబ్బాలో మందు పోసి, ఆమె మగ్గం చప్పుడుకు తగినట్టు డబ్బాను తిప్పుతాడు. గడియారం చూడడు, ఆ చప్పుళ్ళే లెక్కపెడతాడు. ఆమెకు కోపం వచ్చి గబగబా నేసిన రోజున లెక్క తొందరగా అయిపోయి ఫిల్ము కాస్త పలచగా వస్తుంది. అలాంటి ఫిల్ము చూసి, ఆ రోజు ఏం తప్పు చేశానా అని ఆలోచించుకుంటాడు.

కాగితం మీద బొమ్మ వేయడం మాత్రం వేరు. దానికి చీకటి కావాలి. ఇంట్లో చీకటి చేయదగ్గ గది ఒక్కటే, మగ్గాల గది. అందులో రెండు గుంతలు. ఒకదాంట్లో కాళ్ళు పెట్టుకుని సావిత్రమ్మ నేస్తుంది. రెండోది ఒకప్పటి అతని మగ్గం గుంత, బండలు పరిచిన అడుగు, పైన ఖాళీ. ఆ గుంత మీద చెక్కలు అడ్డంగా వేసి ఎన్లార్జరును కూర్చోబెట్టి, కాగితం గుంత అడుగున పరిస్తే, బొమ్మ కావలసినంత పెద్దది పడుతుంది. నేత మానేసి పోయిన మగ్గం గుంత ఇలా పనికొచ్చినందుకు అతను లోలోపల భలే సంతోషపడతాడు. ఒకసారి గట్టు మీద కూర్చుని పనిచేస్తూ కాలు జార్చాడు. చెట్ల మధ్య అతని బొటనవేలి నీడ పడింది. సావిత్రమ్మ ఆ బొమ్మ చూసి, ఇదేం సెట్టు వేరు, ఇంత లావుండాదని అడిగింది.

నేతవాళ్ళకు అమావాస్య సెలవు. ఆ రోజు మగ్గం ఆడదు. కాబట్టి అడవి బొమ్మలు వేసేది నెలకొక్క అమావాస్య పగలు మాత్రమే. కిటికీకి కంబళి కట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, లోపల ఎర్రబల్బు వేసుకుంటాడు. అమావాస్య, మూసిన తలుపులు, సందులోంచి ఎర్రవెలుగు, ఏవో మందుల వాసన. పక్కింటి దేవక్క మొదటి నెలే వాకిట్లో నిమ్మకాయ కోసి పెట్టింది. రెండో నెల సావిత్రమ్మను పక్కకు పిలిచి, "మీ ఆయప్ప ఏం పూజలు సేస్తాండాడే?" అని గుసగుసగా అడిగింది. సావిత్రమ్మ ఆమెను లోపలికి తీసుకుపోయి ట్రేలో తేలుతున్న చింతచెట్టును చూపించింది. దేవక్క దానికీ దండం పెట్టి బయటికి వచ్చింది.

సావిత్రమ్మ ఇతరుల ముందు మొగుణ్ణి వెనకేసుకొస్తుంది గానీ, బొమ్మ చేతికిస్తే ఆమె కన్ను నేతకన్నే. పోగు తెగిన చోటు వెంటనే పట్టేస్తుంది. "నలుపంతా ఒగటే ముద్దగుండాది. నల్లసీరలో గూడా పోగు పోగు అగుపించల్ల," అంటుంది. కాగితం తిరిగిచ్చి మగ్గం మీదికి వంగుతుంది. అతను తర్వాతి నెల నలుపులో కొమ్మలు కనిపించేలా వేసుకొస్తాడు. అప్పుడు తెలుపు బాగాలేదంటుంది. బాగుందన్న మాట ఒక్కసారి కూడా ఆమె నోటివెంట రాలేదు.

ఒకరోజు అతను కొత్త బొమ్మ చూపించబోతే, చేతులు ఖాళీ లేని ఆమె తల ఎత్తకుండానే అంది. "నీకేమప్పా, పొద్దున్నే లేసి అడివి సూసొస్తావు. నాకు కండ్లు ఎత్తితే ఈ గోడే. పెండ్లయిన కాడ్నుంచి ఇదే గోడ."

మగ్గానికి ఎదురుగా ఉన్న ఆ గోడకు సున్నం తప్ప ఏమీ లేదు. కుమారస్వామి కండె చేతిలో పెట్టుకుని ఆ గోడను చాలాసేపు చూశాడు. ఆమె కళ్ళెత్తితే అడవి కనిపించాలి అనుకున్నాడు. ఆదోని అవతలిదో ఇవతలిదో, ఇచ్చిన మాట ఇచ్చినట్టు ఉండాలి.

పెద్దకాగితాల డబ్బా ఒక్కటే మిగిలింది అతని దగ్గర, బొంబాయి నుంచి మేనల్లుడు దినేష్ తెప్పించినది. ఆ రకం ఇక రాదని కొట్టువాళ్ళు చెప్పేశారు. చిన్నచిన్న బొమ్మలకు వాడగా వాడగా నాలుగు కాగితాలు మిగిలాయి. నాలుగూ పక్కపక్కన పెడితే గోడకు సరిపోతాయి. ఒకటి చెడితే అడవికి ఒక మూల ఉండదు.

బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు వేసే దినేష్ ఈ సంగతి విని, "ఏల మామా ఇంత తిప్పలు? ఫోన్లో తియ్యి, గోడంతా ఫ్లెక్సీ కొట్టిస్తా, సాయంత్రానికి అత్త ముందర అడివి పెడతా," అన్నాడు.

"మీ అత్త మరమగ్గం గుడ్డ కట్టిందా ఎప్పుడన్నా?" అన్నాడు కుమారస్వామి. దినేష్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున మంచు పట్టింది. మా వైపు మంచు పట్టడమే అరుదు, పట్టినా పొద్దు ఎక్కేలోగా పోతుంది. కుమారస్వామి మోపెడ్ ఎక్కి తోపుకు చేరేసరికి చింతల మధ్య తెల్లగా నిలిచి ఉంది. ముందున్న మానులు నల్లగా, వెనకవి బూడిదరంగులో, ఇంకా వెనకవి ఉన్నాయో లేవో అన్నట్టు. కెమెరాను మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టి, తల వంచి గాజులోకి చూశాడు. ఆ పెయింటరు వేయలేకపోయింది ఇదే కదా అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే గొర్లమంద వచ్చింది.

"బసప్పా, రోంతసేపు ఆపప్పా. ఆకు గూడా కదలగూడదు."

"గొర్లు ఆపుతా. ఆకులు నా మాట యాడ ఇంటాయి?" అన్నాడు బసప్ప. అయినా మందకు అడ్డంగా కర్ర పట్టుకుని, తనూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆ రోజు ఆకులు కూడా మాట విన్నాయి.

తర్వాతి అమావాస్య నాడు స్నానం చేసి, మగ్గానికి పూజ అయ్యాక, అతను గదిలోకి వెళ్ళి తలుపు మూశాడు. నాలుగు కాగితాలూ గుంత అడుగున పక్కపక్కన పరిచాడు. కాళ్ళు దగ్గరగా ముడుచుకున్నాడు. ఎన్లార్జరు దీపం వేసి, చిన్నప్పుడు మగ్గం మీద నేర్చిన, నాడె అటూ ఇటూ పోయే లెక్క నోట్లో చెప్పుకుంటూ, ముందున్న మాను మరీ నల్లబడకుండా అరచేత్తో నీడ పట్టాడు. అతని ఒంట్లో నేతగాడూ ఫోటోగ్రాఫరూ ఇద్దరూ ఆ కాసేపు ఒకే పని చేశారు. ఒక్కొక్క కాగితమే మందులో వేస్తే, మానులు తేలాయి, కొమ్మలు తేలాయి, చివరికి మంచు తెల్లగా నిలిచింది. నాలుగూ బాగా వచ్చాయి. ఒక్కటీ చెడలేదు. అతను గదిలో ఒంటరిగా, చప్పుడు కాకుండా, రెండు చేతులూ ఎత్తి చిందేశాడు.

కాగితాలను పెరట్లో నీళ్ళతొట్టిలో వేశాడు. మందు పోయేదాకా నానాలి. ఆ సంతోషం కడుపులో పట్టక, దినేష్‌కు చెప్పి రావాలనిపించింది. "సావిత్రీ, రోంతసేపయినాక అవి తీసి నీడన ఆరెయ్యి. బొమ్మ పక్కకు సెయ్యి తగలనీయొద్దు," అని చెప్పి పోయాడు.

అతను వచ్చేసరికి పెరట్లో నులకమంచం మీద పాతచీర పరిచి ఉంది, దాని మీద నాలుగు కాగితాలు. పక్కన గంజికుండ. సావిత్రమ్మ చేతిలో పడుగుకు గంజి పట్టించే కుంచె.

కుమారస్వామి తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. "ఏం సేసినావు సావిత్రీ?"

"నీళ్ళలోంచి తీస్తే తడిగుడ్డ మాదిరి వాలిపోతాండాయి. రేపటి పడుగుకు గంజి కాసినా కదా, అందులో ముంచి, వెనకపక్క కుంచెతో దువ్వినా." అతని ముఖం చూసి ఆమె గొంతు తగ్గింది. "గంజి లేకుంటే నిలబడవు కదప్పా."

నేతింట్లో తడిసిన దేనికైనా గంజి పెట్టే ఆరేస్తారు. ఆమె తప్పేముంది? కానీ ఇంకో కాగితం లేదు. ఇంకో అడవి లేదు. లేచి వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆమె కుంచె పక్కన పెట్టింది. కాగితాలు ఆరేదాకా ఇద్దరూ వాటి వైపే చూస్తూ కూర్చున్నారు.

అన్నిసార్లూ ఆరేకొద్దీ అప్పడాల్లా చుట్టుకుపోయే కాగితాలు ఈసారి కదల్లేదు. ఇస్త్రీ చేసిన పంచెల్లా పడుకుని ఉన్నాయి. కుమారస్వామి ఒకదాన్ని భయంభయంగా ఎత్తి పట్టుకున్నాడు. నిటారుగా నిలిచింది. మెరుపు తగ్గి, నలుపు మెత్తబడింది. ఒకచోట మాత్రం, పొరపాటున బొమ్మ పక్క తగిలిన కుంచె గీతలు, సన్నగా, ఏటవాలుగా, మంచు మీదుగా కిందిదాకా దిగాయి. అతను తడిగుడ్డ తెచ్చి తుడవబోయి, ఆగి, మళ్ళీ చూశాడు. చూసి తుడవకుండానే గుడ్డ కింద పెట్టేశాడు.

మర్నాడు పొద్దున, మగ్గం దగ్గరికి ఆమె రాకముందే నాలుగింటినీ గోడకు అతికించాడు. అతికించింది కూడా ఆ గంజితోనే. సావిత్రమ్మ వచ్చి, గుంతలో కాళ్ళు పెట్టుకుని, నాడె చేతిలోకి తీసుకుని కళ్ళెత్తింది. నాడె అలాగే చేతిలో ఉండిపోయింది. గడప దగ్గర నిలబడిన కుమారస్వామికి పెళ్ళిచూపుల్లో కూడా అంత భయం వేయలేదు.

"నువ్వు తీసేటప్పుడు వాన పడతాండిందా?" అంది ఆమె.

"లే. మంచు. ఆ వాన నువ్వు కురిపిచ్చిందే. నీ కుంచె."

సావిత్రమ్మ ఇంకాసేపు చూసింది. పోగులు వెతికే కళ్ళు ఒక మాను నుంచి ఇంకో మానుకు పోతూ, ఎక్కడా ఆగకుండా, చివరికి వానగీతల దగ్గర ఆగాయి.

"బాగుండాది," అంది.

కుమారస్వామికి కళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి కండెలు వెతికే నెపంతో పక్కకు తిరిగాడు. ఆమె నేత మొదలుపెట్టింది గానీ, ఆ పూట నాడె కంటే కళ్ళే ఎక్కువ ఆడాయి. దేవక్క వచ్చి చూసి, ఏ ఊరి అడివే ఇది అని అడిగితే, సావిత్రమ్మ తడుముకోకుండా "ఆదోని అవతలిది" అని చెప్పింది.

మళ్ళీ అమావాస్య వచ్చింది. కిటికీకి కంబళి కట్టబోతున్న అతన్ని సావిత్రమ్మ ఆపింది. చెప్పులు వేసుకుని, కొంగు నడుముకు దోపుకుని, మోపెడ్ పక్కన నిలబడింది. అడగాల్సింది ఏమీ లేదు. అతను కెమెరా సంచి మెడకు తగిలించుకుని ఆమెను వెనక కూర్చోబెట్టుకున్నాడు. పెద్దకడుబూరు దారిలో కాసేపు పోయి, వంక దగ్గర దిగి, తోపులోకి నడిచారు. మంచు లేదు, ఎండ కొమ్మల్లోంచి నేల మీద పడుతోంది. చింతాకు రాలుతోంది. సావిత్రమ్మ నడిమధ్య నిలబడి, ఒకసారి చుట్టూ తిరిగి చూసింది. చేలు కనిపించలేదు.

"ఇదేనా?" అంది.

"ఇదే."

"ఆదోని అవతల అంటివి. ఇది ఇవతలే ఉండాదే."

కుమారస్వామి తల వంచుకున్నాడు. ఈసారి కెమెరాలోకి కాదు.

"ఇంత దగ్గరుంటే, ఆ పొద్దే తీస్కచ్చింటే నడిసే వచ్చేదాన్ని కదప్పా," అని ఆమె ఒక చింతమాను మొదట్లో కూర్చుని, పక్కన చోటు చూపించింది. అతను వెళ్ళి కూర్చున్నాడు. కెమెరా సంచిలోనే ఉండిపోయింది.